పళ్ళెంలో మర్రిచెట్టు

మెదక్ వెళ్ళినవాళ్ళు అక్కడి చర్చి చూడకుండా తిరిగి రారు. కాని పిల్లలూ, మీరు ఈసారి వెళితే చర్చి చూశాక కోట కూడా ఎక్కండి. అది కాకతీయుల నాటి కోట. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం అని ఒకదాని తరవాత ఒకటి దాటుకుంటూ కొండ మీదికి పోవాలి. దారి పొడుగునా పెద్ద పెద్ద బండరాళ్ళూ, వాటిని కలుపుకుని కట్టిన గోడలూ ఉంటాయి. అటువంటి పాత గోడలను నిదానంగా చూస్తూ నడిస్తే ఎక్కడో ఒకచోట, రాయికీ రాయికీ మధ్య సందులో, రావి మొక్కో మర్రి మొక్కో కనిపిస్తుంది. పక్షులు పండ్లు తిని గోడ మీద వాలినప్పుడు వాటి రెట్టతో పడిన విత్తనం అది. సందులో పిడికెడు మట్టి ఉంటే చాలు, మొలుస్తుంది.

మేము వెళ్ళిన రోజున నేనూ, మా అమ్మాయీ, ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలూ అలాంటి రావిచెట్టు ఒకటి చూశాం. మొక్క అనకుండా చెట్టు అని ఎందుకంటున్నానంటే, దాని ఎత్తు మోకాలిదాకానే ఉన్నా, కాండం మాత్రం మణికట్టంత లావుగా, ముడతలు పడి, ముసలివాడి చేయిలాగా ఉన్నది. నేల మీద మొలిచి ఉంటే ఈపాటికి ఊరందరికీ నీడ ఇస్తూ ఉండేది. రాతి సందులో మట్టి లేదు, నీరు లేదు. వానాకాలంలో దొరికిన కాస్త తడితోనే ఏడాదంతా గడుపుకోవాలి. అందుకని అది తన బతుకును తన కొంపకు తగినట్టు కుదించుకున్నది.

కొండ దిగి ఊళ్ళో నా పాత స్నేహితుడొకాయన్ని చూడబోయాం. ఆయన సైన్సు చెప్పి రిటైరైనవాడు. వీధిలో అందరూ ఆయన్ని సారు అనే పిలుస్తారు. ఆయన పెరట్లో అరుగు మీద ఒక మట్టిపళ్ళెం ఉన్నది. దాని లోతు నాలుగు వేళ్ళకు మించదు. ఆ పళ్ళెంలో ఒక మర్రిచెట్టు ఉన్నది. రెండు జానల ఎత్తు. పైన గొడుగులాగా కొమ్మలు, అడుగున మట్టిని గట్టిగా పట్టుకున్న వేళ్ళు, కొమ్మల నుంచి దిగి మట్టిలో పాతుకున్న ఊడలు కూడా ఉన్నాయి. దాని కింద ఒక చీమ నడిచిపోతుంటే, చెరువుగట్టు మీది మర్రి కింద ఏనుగు పోతున్నట్టనిపించింది నాకు.

"ఎంత అందంగా ఉన్నదో! ఇది నిజంగా ఒక కళ," అన్నది మా అమ్మాయి.

మా మనవరాలు మూతి ముడిచింది. "కళేమిటమ్మా? కూడు పెట్టకుండా, కొమ్మలు కోసి, తీగెలతో కట్టేసి దీన్ని ఇంతలోనే ఉంచారు. కోటగోడ మీది రావిచెట్టుకంటే గతిలేదు. దీనికేం కర్మ?" అన్నది.

ఇంటాయన ఎదురుగా పిల్ల ఇలా అనేసరికి మా అమ్మాయి సిగ్గుపడిపోయింది. కాని సారుకు కోపం రాలేదు. "ఈ మాట అన్నవాళ్ళలో నువ్వు మొదటిదానివి కావు తల్లీ. ముందు ఇదెట్లా పెరిగిందో విను, ఆ తరవాత తీర్పు చెబుదువుగాని," అన్నాడు.

ఆనాడు సారు చెప్పినవీ, తరవాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెబుతాను.

ఇలా పళ్ళెంలో పెంచిన చెట్టును బోన్సాయ్ అంటారు. ఇది జపాను మాట. బోన్ అంటే పళ్ళెం, సాయ్ అంటే నాటడం. మన దగ్గర కొందరు వామన వృక్షం అంటారు. ఆ పేరు కూడా బాగానే ఉన్నది. పేరు జపానుదే అయినా విద్య పుట్టింది చైనాలో. ఆ దేశంలో ఒక రాకుమారుడికి క్రీ. శ. 706లో కట్టిన సమాధి గోడల మీద, చిన్న రాళ్ళూ చిన్న మొక్కలూ పెట్టిన పళ్ళేన్ని పరిచారకులు మోసుకుపోతున్నట్టు బొమ్మలున్నాయి. చైనా నుంచి ఈ విద్య జపానుకు పోయింది. జపానువారు దాన్ని శతాబ్దాల తరబడి సాధన చేసి లోకానికంతటికీ నేర్పారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పళ్ళెంలో ఉన్నది పొట్టి జాతి మర్రి అని చాలామంది అనుకుంటారు. కాదు. సారు పళ్ళెంలోని మర్రి కొమ్మ ఒకటి కోసి చెరువుగట్టు మీద నాటితే, అది మామూలు మర్రి మాదిరిగానే ఎకరాన్ని ఆక్రమించగలదు. విత్తనంలో మార్పు ఏమీ లేదు. మరి ఎందుకు పెరగలేదు?

చెట్టుకు రెండు చివరలున్నాయి: పైన చిగురు, కింద వేరుకొస. పొడుగు పెరగడం ముఖ్యంగా ఆ రెండు చివరల్లోనే జరుగుతుంది. పై చిగురులో ఆక్సిన్ అనే పదార్థం తయారై కిందికి దిగుతూ ఉంటుంది. పక్కనున్న మొగ్గలను అది ఎదగనివ్వదు. అందుకే లేత మొక్క నిటారుగా పైకే పోతుంది. పై చిగురును తుంచేశామనుకోండి, ఆక్సిన్ రావడం తగ్గుతుంది. అప్పటిదాకా నిద్రపోతున్న పక్కమొగ్గలు మేలుకుని కొమ్మలవుతాయి. వాటి చివరలు తుంచితే మరి నాలుగు కొమ్మలు. ఇలా ఏళ్ళ తరబడి చేస్తే చెట్టు పైకి పోవడానికి బదులు గుబురవుతుంది. మీ అమ్మ పెరట్లో మల్లెపొద చివరలు కత్తిరించేది కూడా ఇందుకే.

వేళ్ళ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లావుపాటి వేళ్ళు చెట్టును నిలబెడతాయి, తిండిని నిలవ ఉంచుతాయి. కాని మట్టిలోంచి నీటిని తాగేవి చివరనున్న సన్నని పీచువేళ్ళు మాత్రమే. రెండు మూడేళ్ళకు ఒకసారి సారు చెట్టును పళ్ళెంలోంచి పైకి తీసి, బారుగా పెరిగిన వేళ్ళను కత్తిరిస్తాడు. ఇటుకముక్కల పొడీ, ఇసుకా, ఎర్రమట్టీ, మాగిన పశువుల ఎరువూ కలిపి మళ్ళీ నాటుతాడు. కోసినచోట కొత్త పీచువేళ్ళు పుట్టుకొస్తాయి. అంటే చెట్టుకు తాగే నోళ్ళు తగ్గకపోగా ఎక్కువవుతాయన్నమాట! వేళ్ళు కోయకుండా ఊరుకుంటే అవి పళ్ళెం నిండా చుట్టుకుపోయి, నీరు దిగే దారి లేక, చెట్టు చచ్చిపోతుంది.

ఆకులు కూడా చిన్నవవుతాయి. మర్రి, రావి, జువ్వి జాతి చెట్లకు, అవి బలంగా ఉన్నప్పుడు, ఆకులన్నీ ఒకసారి తుంచేస్తే రెండో విడతలో వచ్చేవి మొదటివాటికంటే చిన్నవిగా ఉంటాయి. పూవులూ పండ్లూ మాత్రం ఇలా లొంగవు. అందుకే పళ్ళెంలోని చెట్టుకు పండు కాస్తే, చంటిపిల్లవాడు తాత తలపాగా పెట్టుకున్నట్టుంటుంది.

ఇక తీగె. కొమ్మకు రాగితీగెనో అల్యూమినియం తీగెనో చుట్టి, మెల్లిగా వంచుతారు. కాండంలో ఏటేటా కొత్త పొర పెరుగుతుంది గదా. ఆ కొత్త పొర వంపులోనే గట్టిపడి కొమ్మ అలాగే నిలిచిపోతుంది. అప్పుడు తీగె తీసేస్తారు. తీయడం ఆలస్యమైతే తీగె బెరడులోకి కోసుకుపోయి, ఆ మచ్చ ఏళ్ళ తరబడి కనిపిస్తుంది.

"మరి నొప్పెయ్యదా?" అని అడిగింది మా మనవరాలు.

దెబ్బ తగిలితే చెట్టుకు తెలుస్తుంది. గాయం దగ్గర పనులు మారతాయి, పుండు పూడుతుంది. కాని మనకున్నట్టు నరాలూ, మెదడూ చెట్టుకు లేవు. కనక మనం నొప్పి అనేది దానికి లేదని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అంటారు. ఇంకొక సంగతి చూడండి. కాపు అయిపోగానే మునగకొమ్మలు కొట్టేస్తాం. అలా కొడితేనే మళ్ళీ చేతికందే ఎత్తులో కాస్తుంది. తేయాకు మొక్కను వదిలేస్తే ముప్ఫై అడుగుల చెట్టవుతుంది. తోటల్లో దాన్ని నడుమెత్తు దాటనివ్వరు, ఏడాదికి ఎన్నోసార్లు చిగుళ్ళు గిల్లుతూనే ఉంటారు. అప్పుడు ఎవరూ అయ్యో అనరు. పొద్దున్నే టీ తాగి, సాయంత్రం బోన్సాయ్‌ని చూసి జాలిపడడం న్యాయం కాదేమో!

పస్తు పెట్టడం అన్న మాట కూడా సరి కాదు. పళ్ళెంలో మట్టి తక్కువ కనక, పస్తు పెడితే చెట్టు రెండు రోజులు కూడా ఆగదు. మెదక్ ఎండలకు వేసవిలో సారు దానికి రోజుకు రెండుసార్లు నీరు పెడతాడు. ఆయన ఊరికి పోవాలంటే ముందు పక్కింటివారిని బతిమాలుకోవాలి. ఈ విషయం నేను అనుభవం మీదనే చెబుతున్నాను. ఒకప్పుడు నేనూ ఒక జువ్విని కుండీలో పెంచాను. ఒక పెళ్ళికి పోయి మూడు రోజుల తరవాత తిరిగి వచ్చాను. మే నెల. ఆకులు పట్టుకుంటే పొడి అయిపోయాయి. ఆరేళ్ళు పెంచిన చెట్టు అది. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే.

క్రూరత్వం సంగతి అలా ఉంచుదాం. క్రూరం కానంత మాత్రాన కళ అయిపోదు గదా? మా మనవరాలు అక్కడే పట్టుకున్నది. "సారూ, బొమ్మ గీసేవాడు బొమ్మంతా తానే గీస్తాడు. ఈ చెట్టులో మీరు చేసిందేమిటి? ఆకు మీరు చేశారా? బెరడు చేశారా?" అన్నది.

ఇది గట్టి ప్రశ్నే. దీనికి జవాబు అదే ఊళ్ళో ఉన్నదని నాకు తరవాత తట్టింది. మెదక్ చర్చిని 1914లో కట్టడం మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. కరువు రోజుల్లో పని దొరికి ఎంతోమంది కడుపు నింపుకున్న కట్టడం అది. దానిలోని రంగుటద్దాల కిటికీలు చూడడానికి దేశదేశాల నుంచి వస్తారు. పగలు లోపల నిలబడి చూస్తే ఆ బొమ్మలు వెలిగిపోతూ ఉంటాయి. పొద్దుగూకిందంటే, లోపలి నుంచి చూసేవారికి అక్కడ నల్లటి అద్దాలు తప్ప మరేమీ కనిపించదు. అద్దాలను అమర్చినవాడు వెలుతురును చేయలేదు. ఎండ ఎటు నుంచి వస్తుందో, ఎంత వస్తుందో తెలుసుకుని, దానికి దారి మాత్రం చేశాడు. అయినా అది కళ కాదని ఎవరూ అనరు.

మరొకటి. మెదక్ ఆడపడుచులు బతుకమ్మను పేర్చడం మీలో చాలామంది చూసే ఉంటారు. తంగేడుపూవును వాళ్ళు చేయలేదు, గునుగును చేయలేదు. పొలాలగట్ల నుంచీ బీళ్ళ నుంచీ తెచ్చినవే. గునుగుకు రంగు అద్ది, వరస మీద వరస పేర్చుతూ, ఎక్కడ పసుపు రావాలో, ఎక్కడ తెలుపు రావాలో చూసుకుంటూ గోపురంలాగా లేపుతారు. ఒకే పూలు పెట్టి పది ఇళ్ళలో పేరిస్తే పది బతుకమ్మలూ పది రకాలుగా ఉంటాయి. పండగ సాయంత్రం వాటిని చెరువులో వదిలేస్తారు. వస్తువు తనది కాకపోయినా కళ కావచ్చు, రేపటికి మిగలకపోయినా కావచ్చునన్నమాట.

అయితే మరి కళ ఎక్కడ ఉన్నది?

సారు తన మర్రిచెట్టును మెల్లిగా తిప్పి, కాండం మీద ఒక పాత మచ్చ చూపించాడు. "ఇక్కడొక కొమ్మ ఉండేది. చెట్టంతటికీ అదే మంచి కొమ్మ. పన్నెండేళ్ళు పెంచాను. అది ఉన్నంతకాలం చూసినవాళ్ళకు కొమ్మే కనిపించేది, చెట్టు కనిపించేది కాదు. కోయాలా వద్దా అని ఏడాదిపాటు రోజూ చూశాను. చివరకు కోసేశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు," అన్నాడు.

మా మనవరాలు ఆ మచ్చను వేలితో తడిమింది.

"ఆ పక్కన చూడు," అన్నాడు సారు. మచ్చకు వెనకగా ఒక సన్నని కొమ్మ బయటికి వంగి ఉన్నది. "దాన్ని నేను అడగలేదు. కోసిన మరుసటి ఏడు అదే వచ్చింది. తుంచేద్దామనుకున్నాను. ఒకరోజు పొద్దున వెలుతురులో చూస్తే, ఈ కొమ్మ లేకపోతే చెట్టుకు వీపు లేదనిపించింది. ఉంచాను."

అది విన్న తరవాత నా మనసులోని సందేహం పోయింది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని చూసేవాడు ఒకడున్నాడు. అతను అనుకున్నదానికి తిరిగి జవాబు చెప్పే చెట్టు ఒకటున్నది. రాయి కూడా శిల్పికి ఎదురుచెబుతుందంటారు గాని, చెక్కిన తరవాత కొత్త ముక్కు మొలిపించదు గదా!

కాని పళ్ళెంలో ఉన్న ప్రతి పొట్టిచెట్టూ కళే అంటే నేను ఒప్పుకోను. ఈ రోజుల్లో నర్సరీలలో బోన్సాయ్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి గడ్డలాగా ఉబ్బిన వేరు ఉంటుంది. దాని నెత్తిన మరో రకం జువ్వి కొమ్మలను అంటుకట్టి, వందలకొద్దీ ఒకే మాదిరిగా తయారుచేస్తారు. బల్ల మీద పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది, కొనుక్కుంటే తప్పు లేదు. అయితే దాన్ని ఎవరూ ఏడాదిపాటు చూడలేదు. దానికి ముందు వైపేదో, వెనక వైపేదో కూడా ఎవరూ ఆలోచించలేదు. రబ్బరు ముద్రతో అచ్చు వేసిన పూవును చిత్రం అంటామా?

ఈ ముందు వైపు అనే మాట గుర్తుపెట్టుకోండి. ప్రతి బోన్సాయ్‌కీ ముఖం అని ఒకటి ఉంటుంది. వేళ్ళు ఎటు బాగా పరుచుకున్నాయి, కాండం ఎటు వంగింది, కొమ్మల మధ్య ఖాళీ ఎటు నుంచి చూస్తే కనిపిస్తుంది అని చూసి దాన్ని నిర్ణయిస్తారు. నేర్చుకునేవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పని ఇదేనట.

జపానువారు కూడా ఈ కళా కాదా అన్న ప్రశ్నను వాదించుకున్నవారే. ఇది తోటమాలి పనా, లేక చిత్రకారుడి పనిలాంటిదా అని. 1934లో టోక్యోలోని ఉయెనో కళాభవనంలో బోన్సాయ్ ప్రదర్శన పెట్టారు. చిత్రాలూ శిల్పాలూ ఉండవలసినచోట చెట్లను పెట్టడమే ఆ వాదానికి జవాబు. ఆ ప్రదర్శనను కొకుఫు-టెన్ అంటారు. ఈనాటికీ పెద్ద ప్రదర్శన అదే. టోక్యోకు దగ్గరలో ఒమియా అనే చోట, 1923 భూకంపం తరవాత నగరం నుంచి తరలి వచ్చిన బోన్సాయ్‌వారు 1925లో ఒక ఊరే కట్టుకున్నారు. అక్కడ 2010లో బోన్సాయ్‌కి ప్రత్యేకంగా ఒక కళాభవనం తెరిచారు. మన వైపు చూడాలనుకునేవారికి మైసూరు దత్తపీఠంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం ఉన్నది.

మిగిలిన కళలకూ దీనికీ పెద్ద తేడా ఒకటున్నది. చిత్రకారుడు బొమ్మ పూర్తిచేసి సంతకం పెడతాడు. ఈ బొమ్మ పూర్తికాదు. చేసినవాడు పోయినా ఇది పెరుగుతూనే ఉంటుంది. మరొకరి చేయి పడకపోతే కొన్నాళ్ళకే పాడవుతుంది, లేదా చస్తుంది.

జపానులో హిరోషిమా నగరంలో యమాకి అనే కుటుంబంవారి దగ్గర ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉండేది. దాన్ని 1625 నుంచి పెంచుతున్నారు. తాత తరవాత తండ్రి, తండ్రి తరవాత కొడుకు నీరు పోశారు. 1945 ఆగస్టు 6న ఆ నగరం మీద అమెరికా అణుబాంబు వేసింది. యమాకి వారి ఇల్లు బాంబు పడ్డ చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఇంటి అద్దాలు పగిలాయి. తోటగోడ చాటున ఉన్న చెట్లు మాత్రం బతికాయి. 1976లో జపాను ప్రజలు అమెరికాకు బోన్సాయ్ చెట్లను కానుకగా ఇచ్చినప్పుడు, యమాకి కుటుంబం ఆ పైన్ చెట్టును ఇచ్చింది. ఆ బాంబు వేసిన దేశానికే! ఇచ్చేటప్పుడు దాని కథ ఏమీ చెప్పలేదు. 2001లో యమాకి మనవలు ఇద్దరు వాషింగ్టన్ వెళ్ళి, తాతగారి చెట్టును చూపించమని అడిగినప్పుడు గాని ఆ సంగతి అక్కడివారికి తెలియలేదు. ఆ చెట్టు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఉన్నది. అప్పటి శత్రుదేశపు మనుషులు దానికి రోజూ నీరు పోస్తున్నారు.

"మనిషి చేయి పడకుండా పెరిగిన చెట్టే మంచి చెట్టు," అని మా మనవరాలు చివరిగా ఒక వాదం తెచ్చింది. దానికి సారు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి చెప్పాడు. ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పే ఆ మర్రి ఎకరాలకొద్దీ పరుచుకున్నది. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ ఒకటి విరిగిపడింది. లోపలంతా చెదపురుగులు. 2018లో కొమ్మలకు సెలైను సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఒంగిన కొమ్మలకు ఆసరాలు కట్టారు. పళ్ళెంలో మర్రి అయినా, ఎకరాలు నిండిన మర్రి అయినా ముసలితనంలో మనిషిని అడగవలసిందే.

సాయంత్రం మేము బయలుదేరేముందు, సారు తన ఇంటి పిట్టగోడ పగులులోంచి రెండు మర్రి మొలకలు పెకిలించి మా మనవరాలి చేతిలో పెట్టాడు. (పాత కోటగోడలు మనవి కావు, అక్కడ మొక్కలు పీకకూడదు. ఇంటి పిట్టగోడ మీద మర్రిని ఉంచితే గోడే పోతుంది, కనక అక్కడివి ధారాళంగా పీకవచ్చు.) ఒకదాన్ని ఆమె తన స్కూలు వెనక ఖాళీస్థలంలో నాటింది. రెండోదాన్ని మట్టికుండీలో పెట్టింది. మొదట్లో పళ్ళెం పనికిరాదు, కాండం లావెక్కేదాకా కుండీలోనే పెంచాలి.

ఇది జరిగి మూడు వానాకాలాలు గడిచాయి. స్కూలు వెనకది ఆమెను మించి ఎదిగింది. దాన్ని ఎవరూ చూడడం లేదు, అది బాగానే ఉన్నది. కుండీలోది రెండుసార్లు ఎండబోయి బతికింది. ఆకులు ఇంకా అరచేయంత ఉన్నాయి. తీగె చుట్టనివ్వనని ఆమె పట్టుబట్టింది, కత్తెర ఒక్కటే వాడుతున్నది. మొన్న వాళ్ళ ఇంటికి వెళితే, స్టూలు మీద కుండీ పెట్టుకుని దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతి వైపు నుంచీ తల వంచి చూస్తూ కూర్చున్నది.

"ఏం చేస్తున్నావే?" అని అడిగాను.

"ఉండు తాతా. దీని ముఖం ఎటున్నదో ఇంకా తెలియడంలేదు," అన్నది.